ఊళ్లో అందరికీ తెలిసిన పోలీసుకు యూనిఫాం ఎందుకు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా మండల స్టేషన్లో ఇన్నాళ్లూ సగంమంది సివిల్ డ్రెస్‌లోనే తిరిగేవాళ్లు. కొత్తగా వచ్చిన ఎస్సై గారు టోపీతో సహా ఫుల్ యూనిఫాం ఉండాల్సిందే అంటున్నారట. అక్కడే కానిస్టేబుల్‌గా ఉన్న మా బావ గొణుగుతున్నాడు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషికి యూనిఫాం ఎందుకు? మా తాత ఫొటోలో నిక్కరు, ఎత్తు టోపీ ఉన్నాయి. అవన్నీ పోయాయి కదా, ఇదొక్కటీ ఎందుకు పట్టుకు వేలాడటం? ఇంకోటి, పేరు పలక లేని పోలీసును పేరు అడగొచ్చా?"

ముందు సూటిగా చెప్తాను. యూనిఫాం కావాలి. పట్నంలో కన్నా పల్లెలోనే ఎక్కువ కావాలి. అయితే మీ ఎస్సై గారు టోపీ మీద పెడుతున్న పట్టు పేరు పలక మీద పెడితే బాగుండేది. టోపీ, గంజి, బూటు మెరుపు విషయంలో కొంత సడలించినా కొంప మునగదు. ఛాతీ మీద పేరు లేకుండా డ్యూటీకి పంపడం మాత్రం తప్పు. ఇక పేరు అడగొచ్చా అంటే, అడగొచ్చు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నేను కానిస్టేబుల్‌గా చేరి ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఉత్తర తెలంగాణ మండల స్టేషన్లలోనే గడిచింది. కాబట్టి పట్నం కమిషనరేట్ లెక్కలు ఇందులో పెద్దగా ఉండవు.

"అందరికీ తెలిసిన మనిషికి యూనిఫాం ఎందుకు" అన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. పట్నంలో కానిస్టేబుల్ ఎవరో జనానికి తెలియదు, కాబట్టి ఖాకీ చూసి పోలీసు అనుకుంటారు. పల్లెలో అతను పోలీసని అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. ఈ నిమిషంలో అతను పోలీసుగా మాట్లాడుతున్నాడా, ఫలానా వాళ్ల అల్లుడిగా మాట్లాడుతున్నాడా?

ఒక కేసు చెప్తాను. రెండు కుటుంబాల మధ్య గెట్టు పంచాయితీ. ఒక కుటుంబం మా కానిస్టేబుల్‌కు అత్తగారి వైపు చుట్టాలు. ఒకరోజు అతను లుంగీ, బనీను మీద ఆ చెలక దగ్గరికి వెళ్లాడు. గట్టు మీద నిలబడి, "రాళ్లు జరిపితే మర్యాదగా ఉండదు" అన్నాడు. అవతలి వాళ్లు స్టేషన్‌కు వచ్చి పోలీసు బెదిరించాడని కాగితం పెట్టారు. పిలిచి అడిగితే, "నేను డ్యూటీ మీద పోలేదు సార్, మా మామ పొలం కాబట్టి పోయాను" అన్నాడు. స్టేషన్లో ఎవరు ఎప్పుడు ఏ పని మీద వెళ్లారో రాసే జనరల్ డైరీ (జీడీ) తీసి చూస్తే ఆ టైముకు అదే ఊరికి సమన్లు ఇవ్వడానికి వెళ్లినట్టు ఎంట్రీ ఉంది. అంటే సర్కారు జీతం మీద ఊరికి వెళ్లి, మామ తరఫున మాట్లాడాడు. ఒంటి మీద ఖాకీ ఉంటే ఆ మాట అనేముందు రెండుసార్లు ఆలోచించేవాడు. అవతలి వాళ్లకూ ఎవరి మీద, ఏ హోదాలో ఫిర్యాదు చెయ్యాలో స్పష్టంగా ఉండేది. లుంగీ మీద ఉన్న పోలీసు తనకు ఎప్పుడు ఏది లాభమైతే అప్పుడు అది అవుతాడు. పల్లె స్టేషన్లలో సివిల్ డ్రెస్ అలవాటులో నాకు కనిపించిన పెద్ద చిక్కు ఇదే.

రెండో కారణం ప్రాణానికి సంబంధించింది. 2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు పాకి, తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో జనం రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. కొత్తవాడు కనిపిస్తే చాలు కొట్టారు, కొన్నిచోట్ల ప్రాణాలే పోయాయి. పక్క మండలం పోలీసులు నలుగురు టీషర్టుల మీద, నంబరు ప్లేటు సరిగా కనపడని ప్రైవేటు కారులో నిందితుడి కోసం ఊళ్లోకి దిగారనుకోండి. వాళ్లు పోలీసులని ఎవరు నమ్మాలి? ఐడీ కార్డు తీసి చూపించేలోపే తల పగులుతుంది. ఆ రోజుల్లో నేను క్రైమ్ పార్టీకి, అంటే నిందితుల్ని వెతికి పట్టుకునే మా బృందానికి గట్టిగా చెప్పాను. నిఘా మీ ఇష్టమొచ్చిన బట్టల్లో చేసుకోండి, పట్టుకోవడానికి వెళ్లేటప్పుడు మాత్రం యూనిఫాం మనిషి ముందు నడవాలి, లోకల్ స్టేషన్‌కు ముందే చెప్పాలి.

చట్టం సంగతికొస్తే, అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా, కచ్చితంగా, కనపడేలా పెట్టుకోవాలని ఉంది. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటిది అదే. పేరుతో పాటు హోదా కూడా కనపడాలని అందులో చెప్పింది. తర్వాత అది పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 41బి సెక్షన్‌గా చేరింది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 36వ సెక్షన్. గమనించండి, అక్కడ టోపీ మాట లేదు, బెల్టు మాట లేదు, బూట్ల మాట లేదు. పేరు ఉంది. పేరు పలక మీద పట్టు పట్టమని నేననేది అందుకే. మన స్టేషన్లలో జరిగేది చూస్తే తలకిందులు. టోపీ లేకపోతే మెమో ఇస్తారు, పేరు పలక జేబులో ఉంటే ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు మీ తాతగారి ఫొటో దగ్గరికి వద్దాం.

ఖాకీ పోలీసులకు సైన్యం నుంచి వచ్చింది. 1846-47 ప్రాంతంలో పెషావర్ వైపు హ్యారీ లమ్స్‌డెన్ అనే ఇంగ్లిష్ అధికారి తన 'కోర్ ఆఫ్ గైడ్స్' దళానికి మట్టి రంగు బట్టలు వేయించాడు. ఆ నేల మీద తెల్లబట్టలు దూరానికే కనపడేవి, ఇట్టే మాసిపోయేవి. అక్కడి నుంచి అది మెల్లగా సైన్యమంతా పాకి, పోలీసులకూ వచ్చింది. మన దగ్గర రెండు కథలు నడిచాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి 1859 నాటి మద్రాసు పోలీసు చట్టం కింద నడిచాయి. తెలంగాణ నిజాం పోలీసు కింద ఉండేది. 1956లో రాష్ట్రం ఒకటయ్యాక ఇద్దరూ ఒకే శాఖ అయ్యారు. మద్రాసు వైపు కానిస్టేబుల్‌ను పాతవాళ్లు 'ఎర్రటోపీ' అనేవారు. ఇప్పటికీ ఎర్ర టోపీ చూడాలని ఉంటే కాకినాడ దాటి యానాం వెళ్లండి. అది పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడి కానిస్టేబుళ్లది ఫ్రెంచి కాలం నాటి ఎర్ర టోపీయే. ఒక్క వంతెన దాటితే టోపీ రంగు మారిపోతుంది!

నిక్కర్ల కాలం నేను చేరేనాటికి పోయింది గానీ, ఆ నిక్కరు తొడిగిన హెడ్డు కానిస్టేబుళ్లతో పనిచేశాను. మందపాటి ఖాకీ డ్రిల్లు గుడ్డ, దానికి అట్టలా నిలబడేంత గంజి, మోకాలి కింద నుంచి చీలమండ దాకా చుట్టే పట్టీలు, కింద మేకుల బూట్లు. ఒక పెద్దాయన చెప్పేవాడు, పట్టీలు చుట్టడానికే పొద్దున్నే చాలాసేపు పట్టేదట, ఒక్క చుట్టు వదులైతే పరేడ్‌లో అందరి ముందూ జారి కింద పడేదట. బెల్టు ఇత్తడి బకిల్‌కు బ్రాసో పెట్టి రుద్దడం మాత్రం మా బ్యాచ్ దాకా ఉంది. కిట్ ఇన్‌స్పెక్షన్ ముందురోజు రాత్రి బ్యారక్ అంతా బ్రాసో వాసనే.

అవన్నీ ఎందుకు పోయాయంటే పని మారింది. అప్పటి కానిస్టేబుల్ నడిచేవాడు, లేదంటే సైకిలు. నిక్కరు, పట్టీలు ఆ నడకకు పనికొచ్చాయి. మోటారుసైకిళ్లు వచ్చాక ప్యాంటు తప్పలేదు. పల్లెలోకి చట్టం అంటూ వెళ్లే మనిషి కూడా మారాడు. వెనకటి రోజుల్లో ఊళ్లో మొదటి పోలీసు ఖాకీవాడు కాదు. తెలంగాణలో పోలీసు పటేల్, ఆంధ్రలో గ్రామ మునసబు. వాళ్ల కింద తలారి, సేత్‌సింధి, మస్కూరి. పటేలుకు యూనిఫాం అక్కర్లేదు, అతని గడీ, అంటే కోటలాంటి ఇల్లే, అతని హోదా. కింది నౌకరుకు చేతికర్ర, మహా అయితే ఒక ఇత్తడి బిళ్ల. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. దాంతో ఊరికీ స్టేషన్‌కూ మధ్య ఉన్న ఆ మనిషి పోయి, కానిస్టేబులే నేరుగా ఊరికి వెళ్లాల్సి వచ్చింది. ఈ రోజు మీరు చూసే విలేజ్ పోలీస్ ఆఫీసర్ పద్ధతి, అంటే ఒక్కో ఊరికి ఒక్కో కానిస్టేబుల్‌ను పేరు పెట్టి కేటాయించడం, ఆ ఖాళీని పూడ్చడానికేనని నా అభిప్రాయం.

సరిగ్గా అదే కాలంలో మా వైపు ఇంకో సంగతి జరిగింది. దాన్ని వదిలేస్తే మీ బావ స్టేషన్లో సివిల్ డ్రెస్ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. 1980లు, 90ల్లో నక్సలైట్ల ప్రాబల్యం ఉన్న మండలాల్లో ఖాకీ వేసుకుని ఆర్టీసీ బస్సెక్కడం అంటే ప్రాణాలతో ఆడుకోవడమే. యూనిఫాం సంచిలో, సంచి సీటు కింద. స్టేషన్ గేటు లోపలికి వచ్చాక మార్చుకోవడం, బయటికి వెళ్లేముందు మళ్లీ విప్పడం. తలకు క్రాపు పొట్టిగా ఉంటే పోలీసని పోల్చేస్తారని జుట్టు పెంచుకోవడానికి పర్మిషన్ అడిగినవాళ్లున్నారు. బట్టలు ఇంటి పెరట్లో ఆరేస్తే చుట్టుపక్కల తెలుస్తుందని, ఉతికిన ఖాకీని ఇంట్లోనే ఫ్యాను కింద ఆరబెట్టిన ఇల్లాళ్లను నేనెరుగుదును. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ వచ్చాక అడవిలో తిరిగే బలగాలకు వేరే దుస్తులు వచ్చాయి. స్టేషన్ వాళ్లకు మాత్రం దాక్కోవడం అలవాటుగా మిగిలింది. భయం పోయి చాలా ఏళ్లయింది, అలవాటు పోలేదు. కొత్తగా చేరిన పిల్లలు కూడా సీనియర్లను చూసి అదే పట్టారు. వాళ్లకు దాని వెనక కథ కూడా తెలియదు. జీన్స్ ప్యాంటు హాయిగా ఉందన్నదొక్కటే తెలుసు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. యూనిఫాం విప్పాల్సిన చోట విప్పకపోవడం కూడా తప్పే. కొన్నిచోట్ల అది చట్టమే చెప్తుంది. పిల్లలపై లైంగిక నేరాల మీద వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం పిల్లల వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. వాంగ్మూలం పిల్లల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. నా సర్కిల్లో ఒక మహిళా ఎస్సై స్టేషన్ బీరువాలో ఎప్పుడూ ఒక చుడీదార్ జత పెట్టుకునేది. ఒకసారి అలాంటి కేసులో ఒక పిల్ల వాంగ్మూలం కోసం తండాకు వెళ్లాల్సి వచ్చింది. ఆమె బట్టలు మార్చుకుంది, బాగానే ఉంది. డ్రైవరేమో అలవాటు కొద్దీ జీపును నేరుగా ఆ ఇంటి వైపు తిప్పబోయాడు. ఆమె ఆపించి, జీపును బడి దగ్గరే వదిలి, ఆశా కార్యకర్తతో కలిసి నడిచి వెళ్లింది. డ్రెస్ మార్చుకుని నీలం, ఎరుపు లైట్ల బండిని గుమ్మం ముందు ఆపితే తండా అంతా అక్కడే ఉంటుంది కదా. ఆ పిల్ల పేరు బయటికి పొక్కకూడదన్నది కూడా అదే చట్టంలో ఉంది.

చట్టం చెప్పని చోట కూడా నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరినైనా పట్టుకోవాలన్నా, సోదా చెయ్యాలన్నా, గుంపును చెదరగొట్టాలన్నా పూర్తి యూనిఫాం. మొగుడూ పెళ్లాల గొడవలో పెద్దమనుషుల్ని కలవాలన్నా, ఇంట్లోంచి వెళ్లిపోయిన అమ్మాయి గురించి తల్లిదండ్రులతో మాట్లాడాలన్నా, సాక్షికి సమను ఇవ్వాలన్నా సివిల్, జేబులో ఐడీ కార్డు, చేతిలో కాగితం. పల్లెలో ఇంటి ముందు ఖాకీ ఆగిందంటే సాయంత్రానికి ఊరంతా ఏదో ఒక కథ అల్లుతుంది. సాక్షి పాపం, ముద్దాయి అనిపించుకుంటాడు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లయితే చెప్పనక్కర్లేదు. అయితే ఈ సివిల్ అన్నది పని కోసం, ముందే జీడీలో రాసి వెళ్లేది. మీ బావ స్టేషన్లో నడుస్తున్న సివిల్ అది కాదనుకుంటా. 2014 అక్టోబరులో తెలంగాణలో మొదలైన, ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే షీ టీమ్స్ కూడా మఫ్టీలోనే తిరుగుతాయి. వాటికి ఒక పని ఉంది, దానికి లెక్క ఉంది.

ఆడవాళ్ల యూనిఫాం గురించి ఎవరూ అడగరు గానీ, పల్లె స్టేషన్లలో గత కొన్నేళ్లలో నిజంగా మారింది అదే. మొదట్లో ఖాకీ చీర. చీరలో జీపు వెనక ఎక్కడం, గుంపులో పరుగెత్తడం ఎంత కష్టమో వాళ్లనే అడగండి. ప్యాంటు, షర్టు వచ్చాక పని సులువైంది. మొదట ఊళ్లలో "ఆడపిల్ల ప్యాంటేసింది" అని నవ్వినవాళ్లే, ఇప్పుడు తమ కూతుళ్లను గ్రౌండ్ ప్రాక్టీసుకు తీసుకెళ్తున్నారు. కానీ గుడ్డ, కొలత, కుట్టుపని ఇంకా మగవాళ్ల లెక్కలోనే నడుస్తున్నాయి. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో గ్రామ, వార్డు సచివాలయాల మహిళా పోలీసుల యూనిఫాం కొలతలను మగ టైలర్ల చేత తీయించిన ఫొటోలు బయటికొచ్చి పెద్ద దుమారం రేగింది గుర్తుండే ఉంటుంది. అక్కడ ఎవరికీ దురుద్దేశం ఉండకపోవచ్చు. ఒక ఆడమనిషితో కొలతలు తీయించాలన్న ఆలోచనే రాకపోవడం, నా దృష్టిలో అసలు జబ్బు. ఇంకో సంగతి. బందోబస్తు డ్యూటీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా బిగుతు బెల్టు, టక్ చేసిన షర్టు, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదు. ఆ భయానికి నీళ్లు తాగడమే మానేసే అమ్మాయిలున్నారు. దీనికి డ్రెస్ కోడ్ సర్క్యులర్‌లో మందు లేదు. మొబైల్ టాయిలెట్ పంపే అధికారి చేతిలో ఉంది. గర్భిణిగా ఉన్న ఉద్యోగినిని బెల్టు పెట్టుకోమని వేధించే ఇన్‌ఛార్జి ఎవరైనా ఉంటే, వాడికి డ్రెస్ కోడ్ తెలియదు, మనుషులూ తెలియరు.

టోపీ, బూట్ల గురించి మీ బావ గొణుగుడులో నిజం ఉంది. మే నెలలో జాతర బందోబస్తుకు రోజంతా ఎండలో నిలబడితే పీక్ క్యాప్ లోపలి తోలు పట్టీ నుదుటి మీద వాత పెట్టినట్టు గుర్తు వేస్తుంది. మన పక్కన కర్ణాటకలో కానిస్టేబుళ్లకు దశాబ్దాల నుంచి ఒక పక్కకు మడిచిన వెడల్పు అంచు స్లౌచ్ హ్యాట్ ఉండేది. బరువు, పరుగెత్తితే ఊడిపోవడం, గుంపులో ఎవరో లాగేయడం ఇవన్నీ చూసి 2025లో దాన్ని తీసేసి తేలికపాటి పీక్ క్యాప్ ఇచ్చారు. సంప్రదాయం అంటే అలా పని చూసి మార్చుకునేదే. గుడి లోపల డ్యూటీ పడితే మేం బూట్లు, తోలు బెల్టు విప్పి వట్టి కాళ్లతో నిలబడటం లేదా? ఎవరి గౌరవమూ తగ్గలేదు. కానీ టోపీకి ఒక పని ఉందని కూడా మర్చిపోవద్దు. తల మీద టోపీ ఉంటేనే సెల్యూట్, లేకపోతే సావధాన్‌గా నిలబడటమే. అందుకే పరేడ్‌లో, పై అధికారి ముందు, జెండా వందనంలో టోపీ తప్పదు. సమన్లు పట్టుకుని పొలాల గట్ల మీద తిరిగేవాడికి అంత అవసరం లేదు. అతను బండి మీద వెళ్తుంటే హెల్మెట్ పెట్టుకోమనండి, అది చాలు. జనానికి హెల్మెట్ చలానాలు రాసే మనం టోపీ పెట్టుకుని బండి నడిపితే ఊళ్లో కుర్రాళ్లు ఫొటో తీసి పెడతారు, తియ్యాలి కూడా.

గుడ్డ రంగు ఇంకో తలనొప్పి. పరేడ్‌లో పదిమందిని వరసగా నిలబెట్టండి, పది రకాల ఖాకీ కనిపిస్తుంది. ఒకరిది పసుపు తిరిగింది, ఒకరిది ఆకుపచ్చ ఛాయ, ఇంకొకరిది కొత్తది కాబట్టి మెరుస్తుంది. ఎవరికి వాళ్లు దొరికిన కొట్లో కొని కుట్టించుకుంటే అంతే. జాతీయ స్థాయిలో పోలీసు పరిశోధన, అభివృద్ధి చూసే కేంద్ర సంస్థ బీపీఆర్ అండ్ డీ అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ చేత కొత్త నమూనాలు తయారు చేయించింది. 2022 అక్టోబరులో హర్యానా సూరజ్‌కుండ్ సదస్సులో ప్రధాని దేశమంతటికీ ఒకే పోలీసు యూనిఫాం అనే ఆలోచన ముందు పెట్టారు. పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి ఎవరి యూనిఫాం వాళ్లే నిర్ణయించుకోవాలి. నన్నడిగితే దేశమంతా ఒకటి కాకపోయినా ఫర్వాలేదు, ఒక మండల స్టేషన్లో పదిమందిది ఒకటైతే చాలు.

కార్తీకం వస్తే అయ్యప్ప మాల గొడవ, ఏడాది పొడుగునా గడ్డం గొడవ. శాఖ చెప్పే మాట పాతదే. దీక్ష తీసుకుంటే సెలవు పెట్టుకోండి, డ్యూటీలో ఉంటే యూనిఫాం, బూట్లు, గీసిన గడ్డం. వైమానిక దళంలో గడ్డం కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో, క్రమశిక్షణ గల దళంలో అందరూ ఒకేలా కనపడాలన్న నియమం చెల్లుతుందని చెప్పింది. పల్లె స్టేషన్లో జరిగేది ఏమిటంటే, మాల వేసుకున్నవాడిని నలభై రోజులు రైటర్ పక్కన రికార్డు పనిలో కూర్చోబెట్టి సర్దుకుంటారు. ఆ సర్దుబాటు నేనూ చూశాను, పెద్ద తప్పుగా అనుకోను. కానీ మాలకు ఇచ్చిన సడలింపు రంజాన్ మాసంలో అడిగినవాడికి ఇవ్వకపోతే స్టేషన్ రెండుగా చీలుతుంది. ఇస్తే అందరికీ ఇవ్వాలి, లేదంటే ఎవరికీ వద్దు.

పేరు పలక మీద పట్టు పట్టమన్నాను కదా, అందులోనూ ఒక మెలిక ఉంది. మన పేర్ల చివర కులం ఉంటుంది. రెండు కులాల మధ్య గొడవ జరిగిన ఊరికి విచారణకు వెళ్లిన ఎస్సై ఛాతీ మీద ఆ రెండింట్లో ఒకటి కనపడిందంటే, అతను నోరు విప్పకముందే సగం ఊరు నమ్మకం వదిలేస్తుంది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో కుల ఉద్రిక్తతలు పెరిగాక 2025లో అక్కడి పోలీసులు ఇంటిపేర్లు తీసేసి, సొంత పేరు మాత్రమే ఉన్న పలకలు పెట్టుకున్నారు. మన దగ్గర కూడా ఇది పనికొస్తుందని నా నమ్మకం. పేరు, హోదా, నంబరు ఉంటే మనిషిని గుర్తించడానికి చాలు.

ఊళ్లో జనం ఖాకీ వేసుకున్న ప్రతివాడినీ పోలీసే అనుకుంటారు. హోంగార్డు వేరు, కానిస్టేబుల్ వేరు. భుజం మీద ఉన్న అక్షరాలు చూడండి. హెడ్డు కానిస్టేబుల్‌కు చేతి మీద వి ఆకారం పట్టీలు. ఏఎస్సైకి ఒక చుక్క, ఎస్సైకి రెండు, సీఐకి మూడు, వీటి కింద ఎరుపు, నీలం రిబ్బను ఉంటుంది. రిబ్బను లేకుండా మూడు చుక్కలుంటే డీఎస్పీ. ఈ చిన్న తేడా తెలియక సీఐని డీఎస్పీ అని పిలిచి సంతోషపెట్టినవాళ్లు చాలామంది! అసలు పోలీసే కాకుండా మోసం చెయ్యడానికి ఆ బట్టలు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 205 సెక్షన్ ప్రకారం మూడు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు.

మీ బావకు ఒక మాట చెప్పండి. ఎస్సై గారితో టోపీ గురించి వాదన పెట్టుకోకుండా, స్టేషన్లో ఏ పనికి ఏ డ్రెస్ అన్నది రోల్‌కాల్‌లో తేల్చమని అడగమనండి. సెంట్రీ, రిసెప్షన్, అరెస్టు, బందోబస్తు, కోర్టు డ్యూటీలకు ఫుల్ యూనిఫాం. సమన్లు, రహస్య విచారణలకు జీడీలో ఎంట్రీ వేసి సివిల్. ఎండాకాలం ఔట్‌డోర్‌లో పీక్ క్యాప్ బదులు తేలిక టోపీకి ఎస్పీ ఆఫీసు నుంచి అనుమతి తెప్పించమనండి. కాగితం మీద అడిగితే చాలాసార్లు వస్తుంది. నోటితో అడిగితే బద్ధకం అనుకుంటారు.

ఇక పేరు అడగడం గురించి. అడగొచ్చు, అది మీ హక్కు. అయితే రోడ్డు మీద నలుగురి ముందు "నీ పేరేంటి" అని ఫోన్ కెమెరా మొహానికి పెడితే పని కాకపోగా మాట పెరుగుతుంది. "సార్, మీ పేరు, ఏ స్టేషనో చెప్తారా, ఇంట్లో చెప్పాలి" అనండి. చెప్పకపోతే టైము, చోటు, బండి నంబరు రాసుకోండి. ఆ టైముకు అక్కడ డ్యూటీలో ఎవరున్నారో స్టేషన్ రికార్డులో ఉంటుంది. సివిల్‌లో ఉన్న మనిషి పోలీసునంటూ బండి ఎక్కమంటే ఎక్కకండి, ముందు ఐడీ కార్డు అడగండి, అనుమానం ఉంటే అక్కడే నిలబడి 112కు ఫోన్ చేసి ఈ చోట ఈ పేరుతో మీ వాళ్లున్నారా అని కనుక్కోండి. నిజమైన పోలీసు ఆ రెండు నిమిషాలు ఆగుతాడు.